వాలు భుజం

"ఆ భుజం వాల్చిన తీరు చూడండి మాస్టారూ. స్టైలంటే అదీ," అన్నాడు బట్టల షాపు ఓనరు.

నూరేళ్ళ నాటి ఫ్రెంచి వీధి ఫోటో అది. మూటలు మోసే మనిషి ఒకడు కాలరు లేని చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం అంగుళం కిందికి ఉంది.

"మక్కికి మక్కి దించేయండి. ఆ వాలుతో సహా."

నలభై ఏళ్ళుగా మిషను మీద వంగి చొక్కాలే కుడుతున్న టైలరు ఫోటో చూసి కొలత రాసుకున్నాడు. ఎడమ భుజం అంగుళం దించి కత్తిరించి, ముందుగా ఒక చొక్కా కుట్టి తెచ్చాడు.

ప్రకటన కోసం వచ్చిన మోడలు తొడుక్కుంటే ఎడమవైపంతా ముడతలు పడ్డాయి. భుజం వాల్చి చూశాడు. నడుం పట్టేసినవాడిలా కనిపించాడు.

"చెడగొట్టారు కదా మాస్టారూ. మిగతావి కుట్టకండి."

టైలరు తన చొక్కా విప్పేసి అది తొడుక్కున్నాడు. ఒక్క ముడత లేదు. భుజం అచ్చం ఆ ఫోటోలో లాగే వాలింది. ఓనరు వెంటనే ఆయన్నే నిలబెట్టి పది ఫోటోలు తీయించాడు.

"అద్భుతంగా వాల్చారు. ఇంక చాలు, మామూలుగా నిటారుగా నిలబడండి మాస్టారూ."

"నిటారుగానే నిలబడ్డాను బాబూ," అన్నాడు టైలరు.