పక్కన కూర్చున్నాయన

"ఈయప్ప పక్కన నేను కూర్చోలేను. నువ్వు పోయిరా పాపా."

పురుషోత్తమ్ తెరచాప పడవలోంచి లేచి మళ్లీ ఓడ ఎక్కేశాడు.

బాగేపల్లిలో ఆయనది చెనక్కాయల మండీ, వేరుశనగ టోకు వ్యాపారం. అక్కడ ఆయన పక్కన ఎవరూ కూర్చోరు. ఆ అలవాటు సముద్రం మీద కూడా పోలేదు.

భార్య అంబికనూ, కాలేజీ చదివే కూతురు రూపనూ లక్షద్వీప్ చూపిస్తానని తీసుకొచ్చాడు. దీవికి ఇవతల ఓడ లంగరు వేశారు. సరదాగా ఒక చుట్టు తిరిగి రావడానికి ఆ పడవ.

"ఎవురంట ఆయప్ప?" అడిగింది ఓడ మీదే ఉండిపోయిన అంబిక.

"ఎవురో. కూతురు ఈ ఓడలో పనిచేస్తాదంట, ఇంట్లోవాళ్లకి టికెట్ ఇచ్చినారంట. ఆకూ వక్కా నములుతా, నా మొకమే చూసి నవ్వుతాండాడు."

అరగంట కాకుండానే గాలి మారింది.

"ఏమండీ, పడవ ఒక పక్కకి వంగిపోతాండాది."

తెరచాప ఉబ్బిపోయింది. పడవ అంచు నీళ్లను తాకుతోంది. ఓడ మీంచి రూప ఎక్కడుందో పోల్చుకోడానికి పసుపు చున్నీ ఒక్కటే ఆనవాలు.

పురుషోత్తమ్ ఓడ సిబ్బంది వైపు తిరిగి కేకలు వేశాడు.

"ఎవరన్నా పోండప్పా. మా పాప ఉండాది దాంట్లో."

సిబ్బంది మోటారు బోటు దించుతున్నారు. అది నీళ్లలో దిగేలోగా ఏమవుతుందోనని ఆయన ప్రాణం కొట్టుకులాడుతోంది.

అంతలో పడవలో ఒక మనిషి కత్తి పట్టుకుని లేచాడు.

"నా పక్కన కూర్చున్న ఆ ముసలోడే. చాప తాడు కోస్తాండాడు. అందర్నీ ముంచుతాడు వీడు."

తాడు తెగింది. చాప వదులై గాలికి టపటపా కొట్టుకుంది.

పడవ వంపు తీరి సమంగా నిలిచింది.

తెరచాపకు కట్టిన కర్ర పట్టు తప్పి, గిర్రున తిరిగి ముసలాయన తలకు తగిలింది.

మోటారు బోటు అందరినీ ఓడకు చేర్చింది. ముసలాయనను మాత్రం ముఖం మీదుగా దుప్పటి కప్పి తెచ్చారు.

పురుషోత్తమ్ కూతుర్ని పట్టుకుని ఏడ్చేశాడు.

"తెలియని మనిషి, నిన్ను కాపాడినాడు. సముద్రం సంగతి ఆయప్పకి ఎట్ల తెలుసో."

"సముద్రం సంగతి కాదు నాయనా. చెనక్కాయల రాశి మీద టార్పాల్ గాలికి లేస్తే తాడు పట్టుకోకూడదు, కోసెయ్యాల అంటానే లేచినాడు."

పురుషోత్తమ్ దుప్పటి వైపు చూశాడు.

"పేరు బయ్యప్ప అని పడవలో చెప్పినాడు. ఇరవై ఏండ్లు మన మండీలోనే మూటలు మోసినాడంట. నువ్వు గుర్తుపడతావేమోనని నీ పక్కన కూర్చున్నాడంట."