పున్నమిదాకా పారబొయ్యని నీళ్లు

"ఆ కాగితంలో సున్నా వేసెయ్ పిన్నీ! తైనాన్ ఊళ్లో మన వీధి పరువు పోతుంది," అన్నాడు వార్డు పెద్ద కున్‌హాయ్.

వీధిలో దోమగుడ్ల లెక్క రాసేది లీచూ. దోమలు గుడ్లు పెడితే లెక్కపెట్టడానికని ఇంటింటా ఉంచిన నల్లగ్లాసుల్లో తన ఇంటిదాన్ని అతని ముక్కు దగ్గరికి తోసింది. "నలభై గుడ్లు. నలభై అనే రాస్తా. డెంగీతో ఆసుపత్రిలో ఉన్నది నీ పెళ్లామే కదా?"

"మీ ఇంట్లోనే ఎక్కడో నీళ్లు నిలిచుంటాయి!"

"వెతుక్కో. తర్వాత మీ ఇంటికెళ్దాం."

లీచూ ఇంట్లో అతనికి నిలవనీటి చుక్క కూడా దొరకలేదు. అతని ఇంట్లో మాత్రం దేవుడి ముందు వెదురుకొమ్మల కూజాలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి.

"పున్నమిదాకా పారబొయ్యకూడదు! దేవుడికి కోపమొస్తుంది!"

"వస్తే నా పేరు చెప్పు." కూజా వాకిట్లో బోర్లించింది.

కున్‌హాయ్ ఖాళీ కూజాను చేతిలోకి తీసుకున్నాడు. "మా ఆవిడ రోజూ గంటసేపు ఈ కూజా పక్కనే కూర్చుని దండం పెట్టుకునేది," అన్నాడు.

లీచూ కాగితం చాచింది. "ఇప్పుడు వెయ్యమంటావా సున్నా?"