ఆపే బటన్ లేని ఆట

“స్తుతీ, అన్నం చల్లగైతుంది, రా బిడ్డా.”

నా మనవరాలు బటన్ నొక్కింది. టీవీలో పైకి ఎగిరిన బొమ్మ గాలిలోనే ఆగిపోయింది.

“కింద పడదా?” అని అడిగాను.

“పడదు నాయనమ్మా. నేనొచ్చేదాంక గట్లనే ఉంటది.”

నా కొడుకు మల్లేశ్ నవ్వాడు. “ఇదేం ఆట బిడ్డా! గిదే ఆట మా చిన్నప్పుడు బస్సు డిపో కాడి గేముల దుకాణంల ఉండె. నిలవడి ఆడే పెద్ద మిషన్. బిళ్ల ఏసినంక ఆపుడు లేదు. తల తిప్పితే బొమ్మ సచ్చుడే.”

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన, మల్లేశ్ వాళ్ల బాపు, పట్నం దవాఖానకు పోతూ ఆ దుకాణం ముందే బస్సెక్కాడు. కిటికీలోంచి కొడుకును రెండుసార్లు పిలిచాడు. దుకాణంలో ఆడుతున్న పదేళ్ల మల్లేశ్ తల తిప్పలేదు. బస్సు కదిలాక ఆయన నాకు చెయ్యి ఊపాడు. మళ్లీ రాలేదు. నీది రాతిగుండెరా అని మల్లేశ్‌ను ఇప్పటికీ అంటుంటాను.

“అందుకేనారా, ఆ దినం బాపు దిక్కు చూడలే?”

“చూసిన. బొమ్మను ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. నీ ఎనకనే నిలవడ్డ. బాపు నన్ను చూసే చెయ్యి ఊపిండు.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా?”

మల్లేశ్ పళ్లెం ముందుకు జరిపాడు.

“నీకే ఊపిండని అందరికి చెప్పుకుంటుంటివి గదమ్మా.”

పప్పు వడ్డించాను. టీవీలో బొమ్మ ఇంకా గాలిలోనే ఉంది.