నొప్పి తెలియని సూది

"దగ్గప్పా, ఓబులేసూ! దగ్గకుంటే కఫం లోపలే నిలిచిపోయి ప్రాణానికొస్తాది" అన్నాడు డాక్టరు.

ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేసు పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపాడు. క్షయకని ఆపరేషన్ చేసి కొన్ని పక్కటెముకలు తీసినప్పటినుంచీ ఊపిరి పీల్చాలన్నా భయమే.

1959లో ఆ క్షయ ఆస్పత్రిలో నొప్పి తగ్గడానికి రెండు రకాల సూదులు వేసి చూస్తున్నారు. కొందరికి వెన్ను పక్కన, కొందరికి పక్కటెముకల సందుల్లో. ఓబులేసుకు వెన్ను పక్కన వేశారు. అది సరిగా పట్టక నొప్పి తగ్గలేదు.

పక్క మంచం మీద హిందూపురంలో జట్కా తోలే కాలేసాబ్. అతనికీ అదే ఆపరేషన్. డాక్టరు అటు పోగానే లేచి కూర్చుని, గట్టిగా దగ్గి, కఫం గిన్నెలో ఉమ్మి నవ్వాడు.

"చూస్తివా? నాకు ఎముకల సందులో ఏసినారు. రవ్వంత కూడా నొప్పి లేదబ్బా. నువ్వూ అదే అడుగు. భయపడాకు, దగ్గు."

"నీ అదృష్టం నాకు యాడిదిలే" అని ఓబులేసు కుళ్ళుకుంటూ మొహం తిప్పుకున్నాడు.

తెల్లారేసరికి కాలేసాబ్ మంచం ఖాళీగా ఉంది. రక్తం కక్కుకుని పోయాడని నర్సమ్మ చెప్పింది.

డాక్టరు రాగానే ఓబులేసు చేతులు జోడించాడు. "సామీ, కాలేసాబ్‌కు ఏసిన సూదే నాకూ ఏయండి. దాంతో నొప్పే తెలీలేదన్నాడు."

డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆయనకు ఆ మందు పడలేదప్పా. మొదటి సూదికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఆయాసమొచ్చింది. మళ్ళీ ఏ సూదీ వేయలేదు. నొప్పంతా అట్లే ఓర్చుకున్నాడు."

ఓబులేసు ఖాళీ మంచం వైపు చూశాడు. రెండు చేతులతో కుట్లు అదిమిపట్టుకుని, ఎవరూ చెప్పకుండానే దగ్గాడు.