తోమిన వెండి

దిగువ రోడ్డులోని ఒక ముసలమ్మ తన మొగుడు దాచిన పాత వెండి నాణేల బిళ్ళల్ని నల్లగా ఉన్నవి ఉన్నట్టే పట్టుకెళ్తే, దుకాణంవాడు సగం ధర కోసేశాడని చర్చి విందులో ఎవరో అన్నారట. ఆ సంగతి పొరుగింటి ఆర్డిస్ కంచె మీదుగా డార్లీన్ చెవిన వేసింది. "బాగా తోముకుని వెళ్ళు తల్లీ, నువ్వూ మోసపోకు" అని సలహా కూడా పడేసింది.

డార్లీన్‌కి కూడా ఇప్పుడు మొగుడు వెర్నన్ పోగేసిన అలాంటి బిళ్ళలే దిక్కు. పక్షవాతంతో నోరు పడిపోయిన వెర్నన్‌కి మళ్ళీ మాట నేర్పే అమ్మాయి రోజూ వచ్చేది. ఇన్సూరెన్సువాళ్ళు డబ్బు ఆపేశారు. సోమవారం నుంచి ఆ పిల్ల రాదు.

వెర్నన్ ఆల్బమ్‌లోంచి నలభై అర డాలర్ నాణేలూ తీసి వంటింటి బల్ల మీద పరిచి, బేకింగ్ సోడా ముద్ద కలిపి, పాత టూత్‌బ్రష్ అందుకుంది. ఎదురుగా చక్రాల కుర్చీలో వెర్నన్. మొదటి బిళ్ళ మీద బ్రష్ పడగానే అతని గొంతులోంచి మూలుగు లేచింది. ఎడంచెయ్యి కుర్చీని దబదబా బాదింది.

"ఊరుకో వెర్న్. చేతికి తొడుగులు లేకుండా ముట్టుకున్నాననేగా? నలభై ఏళ్ళు నాకంటే వీటినే ముద్దు చేశావు. ఒక్కపూట నన్నూ చెయ్యి వెయ్యనీ."

అతని కళ్ళు ధారలు కట్టాయి.

"అమ్మడం నాకు మాత్రం సరదానా?" ఆ సోడా చేత్తోనే అతని చెంపలు తుడిచి, ఇంకో బిళ్ళ తీసింది.

సాయంత్రానికి నలభయ్యీ అద్దాల్లా మెరిశాయి. వెర్నన్ చెయ్యి ఎప్పుడో అలిసిపోయి ఒళ్ళో వాలిపోయింది.

మర్నాడు వెర్నన్‌నీ కుర్చీలో తోసుకుంటూ నాణేల దుకాణానికి వెళ్ళింది. దుకాణందారు హాల్వర్సన్ భూతద్దంతో ఒక బిళ్ళ చూశాడు. ఇంకోటి చూశాడు. భూతద్దం పక్కన పెట్టేశాడు.

"ఎవరు తోమారమ్మా వీటిని?"

"నేనే. ఎలా ఉన్నాయి?"

"ఆ నలుపుకేనమ్మా విలువంతా. తోమితే పైపొర పోయినట్టే, ఇక సేకరించేవాళ్ళు ముట్టుకోరు. ఈ 1921 బిళ్ళ ఒక్కటే నాలుగు వేల డాలర్లు పలికేది. ఇప్పుడు మూడొందలొస్తే గొప్ప. మిగతావి వెండి తూకానికే."

 డార్లీన్ వెర్నన్ కుర్చీ పిడి పట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదే..."

హాల్వర్సన్ చూపు వెర్నన్ ఒళ్ళోని ఖాళీ ఆల్బమ్ మీద పడింది. ప్రతి గుంట కిందా పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు, ఏళ్ళు, టంకశాలల గుర్తులు.

"ఇది మీ చేతిరాతేగా పెద్దాయనా? ఇంత తెలిసిన మనిషి, పక్కనే కూర్చుని ఒక్క మాట చెప్పలేకపోయారా?"