అయస్కాంతపు కడియం

ల్యాప్‌టాప్ తెర మళ్లీ ఆరిపోయింది.

"ఇంక వద్దులే తల్లీ," అంది మార్తమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. "ఆయనకు ఇష్టం లేదు. బొమ్మ పెట్టనీడు."

"ఎవరికి ఇష్టం లేదవ్వా?"

"మా ఆయనకే."

షమీమ్‌కు ఒళ్లు జలదరించింది. పట్టపగలు, మార్కాపురం బస్టాండు ఎదురుగా హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే ఈ జలదరింపేమిటని తనమీద తనకే చిరాకేసింది. ఫ్లెక్సీల దుకాణం పెట్టినప్పటి నుంచి పోయినవాళ్ల బొమ్మలు ఎన్ని వేయలేదు! పెళ్లి ఫ్లెక్సీ కంటే చావు ఫ్లెక్సీయే నయం, నల్లగా వచ్చానని పేచీ పెట్టేవాళ్లుండరు అని నవ్వేది కూడా.

రేపు చర్చిలో మార్తమ్మ భర్త కృపావరం పోయినందుకు ఆదరణ కూడిక. పేరు, బైబిలు వాక్యం, చుట్టూ పూలదండ అన్నీ కుదిరాయి. మిగిలింది ఫోటో ఒక్కటే. మార్తమ్మ ఫోన్‌లోంచి దాన్ని ఎక్కించుకుంది షమీమ్. తీరా తెరవబోతే, మనిషి మొహం కనబడేలోపే తెర నల్లబడుతోంది.

"ఆ పొద్దున పోట్లాడినా తల్లీ," అంది మార్తమ్మ. "మూతి ముడుచుకొని కూర్చున్నా. పలికితే ఒట్టు. పలకల గని కాడ కావలికి పోయినాడు, ఆడనే కూలబడినాడు. ఆ కోపం ఆయనకింకా పోలేదు. అందుకే నాకు మొగం చూపీట్లేదు."

ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, గొణుగుతూ ప్రార్థనలో పడిపోయింది. చెంపలమీద నీళ్లు కారుతున్నాయి. షమీమ్‌కు జాలేసింది. ఎట్లాగైనా ఈ ఫోటో తెరిచి ఆమె మనసు కుదుటపరచాలనుకుంది.

మార్తమ్మ వెనకాలే మెట్లెక్కి వచ్చిన గళ్ల చొక్కా ముసలాయన ఇందాకటి నుంచీ బల్లమీదికి వంగి చూస్తూనే ఉన్నాడు. అన్నో, మరిదో అయ్యుంటాడు.

"ఏందమ్మా, ఏం రాపిస్తాంది ఇది?" అన్నాడు ఊడిన ముందుపన్ను సందులోంచి, మార్తమ్మను చూపిస్తూ. "చెవి దగ్గరికొచ్చి చెప్పు. గనిలో మందు పేల్చి పేల్చి నా చెవులు పోయినాయి."

"ఫ్లెక్సీ తాతా."

"ఏమో! నాకేమీ చెప్పరు. ఇంట్లో ఒక్కరూ నాతో మాట్లాడట్లేదు. అన్నం తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఇదైతే నా మొగం గూడా చూడట్లేదు. నేనేం తప్పు చేసినానో నువ్వన్నా అడుగు తల్లీ."

చావింట్లో అలకలు మామూలే. తాంబూలం అందలేదని పెళ్లిలో అలిగేవాళ్లున్నట్టే, ముందు కబురు పెట్టలేదని చావులో అలిగేవాళ్లూ ఉంటారు. షమీమ్ ఊరుకుని మీట నొక్కింది. తెర వెలిగింది. ముసలాయన ఆత్రంగా ముందుకు వంగి ల్యాప్‌టాప్ అంచుమీద చెయ్యి ఆనించాడు. తెర ఆరిపోయింది.

షమీమ్ చూపు ఆయన మణికట్టు మీద పడింది. రాగి కడియం. దాని రెండు కొసలకూ రెండు నల్లని బిళ్లలు.

"తాతా, అది అయస్కాంతం కడియమా?"

"అవునమ్మా. త్రిపురాంతకం తిరునాళ్లలో కొన్నా. బీపీకి మంచిదంటే."

షమీమ్‌కు నవ్వొచ్చింది. అయస్కాంతం దగ్గరికొస్తే కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని వాళ్ల అబ్బా భయపెట్టేవాడు. అది పాత కాలపు మాట, ఇంట్లో వాడే చిన్నా చితకా అయస్కాంతాలతో ఇప్పుడేమీ పోదని రిపేరు చేసే అతను చెప్పాడు. ఒక్కటే తిరకాసు. ల్యాప్‌టాప్ మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది దగ్గరికి రాగానే మూత వేసేశారనుకుని యంత్రం నిద్రపోతుంది. వచ్చింది మూతో, కడియమో దానికి తెలియదు.

దెయ్యమూ లేదు, కోపమూ లేదు. ప్రాణం లేచొచ్చింది షమీమ్‌కు.

"దాన్ని కాస్త తీసి పక్కన పెట్టు తాతా."

ఆయన బుద్ధిగా తీసి బల్ల చివర పెట్టాడు. పక్కనున్న డబ్బీలోంచి గుండుసూదులు నాలుగు చివాలున లేచి దానికి అతుక్కున్నాయి. కడియం సందుల్లో తడిమట్టి. చుక్క వాన లేని ఈ ఎండల్లో ఇంత తడిమట్టి ఎక్కడ అంటించుకున్నాడో అనుకుంటూ షమీమ్ బల్ల తుడిచి, మీట నొక్కింది.

తెర వెలిగింది. ఈసారి ఆరలేదు.

"అవ్వా, కళ్లు తెరువు! ఆయనకు కోపం లేదు, ఏమీ లేదు. ఇదంతా ఈ తాత కడియం వల్ల..."

ఫోటో తెరుచుకుంది.

అదే గళ్ల చొక్కా. అదే ఊడిన ముందుపన్ను. మోకాలిమీద పెట్టుకున్న చేతికి అదే రాగి కడియం.

తల తిప్పి పక్కకు చూడాలంటే షమీమ్‌కు మెడ తిరగలేదు. మార్తమ్మ మాత్రం తెరను రెండు చేతులతో తడుముతూ, "వచ్చినావా అయ్యా! కోపం పోయిందా నీకు?" అని ఏడుస్తోంది.

షమీమ్ చెవి పక్కన తడిమట్టి వాసన వేసింది. ముసలాయన వాళ్లిద్దరి మధ్యకు వంగి, తెరమీద ఫ్లెక్సీకి రాసిన అక్షరాలను కూడబలుక్కుంటున్నాడు.

"ప్ర...భు...వు...నందు... నిద్రిం...చిన..."

ఆ కింది పేరును రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత మెల్లగా పెళ్లాం వైపు తిరిగాడు.

"నామీద అలిగినావనుకుంటినే మార్తా! ఈ సంగతి ముందే చెప్పగూడదా?"