బుడగలో కేంద్రకం

బయాలజీ మొదటి ప్రాక్టికల్‌. ఉల్లిపొర కణాలను మైక్రోస్కోపులో చూసి రికార్డులో గీయాలి. ఇద్దరికి ఒకటే మైక్రోస్కోపు. నా బెంచీమేటు దాన్ని వదిలితేగా!

"కాస్త జరుగు, నన్నూ చూడనీ."

"ఉండవే, ఇప్పుడే దొరికింది. ఎంత గుండ్రంగా ఉందో!"

గంట కొట్టడానికి ఇంకా అయిదు నిమిషాలే ఉన్నాయి. ఇక లాభం లేదని పక్క రికార్డులో బొమ్మని నా రికార్డులోకి దించేశాను. నల్లటి అంచుతో గుండ్రటి కణం, మధ్యలో చక్కటి కేంద్రకం.

కొత్తగా వచ్చిన లెక్చరరు రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఉల్లిపొర కణాలు ఇటుకల్లా పొడుగ్గా ఉంటాయి. ఇది గాలి బుడగ. బుడగకి కేంద్రకం ఎక్కడిది?"

"పుస్తకంలో ఉంది కదా అని నేనే పెట్టేశాను సార్‌," అంది నా బెంచీమేటు.

క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"మరి రెండు రికార్డుల్లోనూ అదే బుడగ ఎలా వచ్చింది?"

"నేను చూసి గీశాను సార్‌," అన్నాను తలొంచుకుని.

"రేపు మీ అమ్మగారిని తీసుకురా. అప్పటిదాకా సంతకం పెట్టేది లేదు."

నా బెంచీమేటు పెన్సిలు కింద పెట్టి లేచి నిలబడింది.

"రేపటిదాకా ఎందుకు సార్‌, వచ్చే ఉన్నాను. ఈ పిల్లని కన్నది నేనే."

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇక నవ్వాపుకోలేకపోయాడు.

"వంశపారంపర్యం పాఠం రెండో సెమిస్టరులో కదమ్మా, అప్పుడే ప్రాక్టికల్‌ చేసేశారే!" అంటూ పెన్ను తీశాడు.